ఎండోమెట్రియోసిస్ నొప్పితో బాధపడే కూతురికి తోడుగా ఉండడం ఎలా?

హనుమకొండ, పరకాల, జనగామ, హుజూరాబాద్ వైపు నుంచి తల్లులు అడిగే ప్రశ్న మాటలు మారినా ఇంచుమించు ఒక్కటే: "పిల్ల ప్రతి నెలా కడుపు పట్టుకొని మెలికలు తిరిగిపోతోంది, స్కానింగులో ఏమీ లేదంటున్నారు, పదో తరగతి పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి, నేనేం చేయాలి?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు, ఇంట్లో, బడిలో, ఆసుపత్రిలో తల్లి చేయగలిగిన పనులను వరుసగా ఇక్కడ రాస్తున్నాను. మందుల మోతాదులు ఇందులో ఉండవు. అవి పిల్ల బరువును, ఆమెకున్న ఇతర జబ్బులను చూసి డాక్టర్ రాయవలసినవి.

జబ్బు గురించి తెలియవలసినది కొంచెమే. గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం బయట, అంటే అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి గోడ మీద, ఒక్కోసారి పేగుల మీద, మూత్రాశయం మీద పెరిగి, అక్కడ వాపును, నొప్పిని, అతుకులను కలిగించడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంతానవయసులో ఉన్న స్త్రీలలో, బాలికలలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంటుంది. దీనిని పూర్తిగా పోగొట్టే మందు ఇప్పటికి లేదు గాని, నొప్పిని అదుపులో పెట్టి చదువు, నిద్ర, ఆట సాగేలా చేసే చికిత్సలు ఉన్నాయి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ఒక చిన్న నోటు పుస్తకం, దానికే కట్టిన పెన్ను
- పాత చీటీలు, స్కానింగ్ రిపోర్టులు, రక్త పరీక్షలు తేదీల వారీగా పెట్టిన ఫైలు
- రబ్బరు హాట్ వాటర్ బ్యాగు, పలుచని నూలు తువ్వాలు
- డాక్టర్ రాసిన నొప్పి మాత్రలు, వాటి పేరు, మోతాదు, వేళలు రాసిన చిన్న కార్డు
- బడి సంచిలో పెట్టడానికి ఒక పౌచు: ప్యాడ్లు, లోదుస్తులు, మాత్రలు, బిస్కెట్లు
- ఆధార్, రేషన్ కార్డుల జిరాక్సులు
- ఇంట్లో ఈ సంగతి పూర్తిగా తెలిసిన మరొక మనిషి. తండ్రి అయితే మేలు, ఎందుకంటే ఆసుపత్రి ఖర్చు మాట వచ్చినప్పుడు మొదటి నుంచి చెప్పే పని ఉండదు.

1. నొప్పిని నమ్మండి, కొలత మార్చండి

"మాకూ వచ్చింది, మేం ఓర్చుకోలేదా" అన్న మాట ఇంట్లో ఎవరి నోటి నుంచి వచ్చినా, పిల్ల ఆ తరువాత నొప్పిని చెప్పడం మానేస్తుందే తప్ప నొప్పి తగ్గదు. మామూలు ముట్టునొప్పి ఒకటి రెండు రోజులు ఉండి, మాత్రకు, కాపడానికి తగ్గి, పిల్లను బడికి వెళ్లనిస్తుంది. మాత్ర వేసినా బడి మానవలసి రావడం, నెలసరికి ముందు వెనుకల రోజుల్లో కూడా పొత్తికడుపు లాగుతూ ఉండడం, విరేచనానికి, మూత్రానికి వెళ్లినప్పుడు పోటు రావడం, నొప్పితో వాంతులు కావడం, నెల నెలకూ ఇది పెరుగుతూ పోవడం కనిపిస్తే అది మామూలు నొప్పి కాదని అనుకొని ముందుకు సాగండి. ఈ వయసు పిల్లలలో నొప్పి నెలసరితో సంబంధం లేని రోజుల్లో కూడా రావచ్చు కాబట్టి, "ఇవాళ ముట్టు కాదు గదా, మరి నొప్పెందుకు" అని నిలదీయవద్దు.

నొప్పి ఎంత ఉందని కాక, నొప్పి వల్ల ఏం చేయలేకపోయిందని అడగండి. "ఇవాళ మెట్లు ఎక్కగలిగినవా బిడ్డా, అన్నం తిన్నవా, రాత్రి ఎన్నిసార్లు లేచినవు" అన్న ప్రశ్నలకు పిల్లలు సూటిగా జవాబు చెబుతారు, డాక్టరుకూ అవే పనికొస్తాయి.

2. మూడు నెలలు రాసిపెట్టండి

ఈ వ్యాసంలో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. ఓపీలో మీకు దొరికే సమయం కొద్ది నిమిషాలే. "చాలా నొప్పి మేడం" అన్న మాట అందరూ చెప్పేదే కాబట్టి అది చీటీలోకి ఎక్కదు, తేదీలతో ఉన్న పుట మాత్రం ఎక్కుతుంది. ఒక రోజు పుట ఇలా ఉంటే చాలు:

"జూలై 14. నెలసరి రెండో రోజు. తెల్లవారి 4 గంటలకు నొప్పితో మెలకువ. నొప్పి 10కి 8. ఎడమ పొత్తికడుపు, నడుము, తొడల దాకా. 4:15కు బిస్కెట్లు తిని మాత్ర. 6 గంటలకు నొప్పి 5. విరేచనం అప్పుడు పోటు. ప్యాడ్లు 6, గడ్డలు ఉన్నాయి. బడికి పోలేదు."

నొప్పి లేని రోజున "బాగుంది" అని ఒక్క మాట రాసినా సరే, కానీ రాయడం మానవద్దు. ఖాళీ వదిలిన రోజు నొప్పి లేని రోజో, రాయడం మరిచిన రోజో తరువాత తెలియదు. రాసేది పిల్లే కావాలి. ఆమెకు ఓపిక లేని రోజున మీరు రాసి చదివి వినిపించండి. మొబైలులో నెలసరి యాప్ వాడే పిల్లలు అందులోనే రాసుకోవచ్చు గాని, ఆసుపత్రికి వెళ్లే ముందు దానిని ఒక కాగితం మీద ఎత్తి రాయండి. ఫోను చేతికిచ్చి చూడమంటే ఎవరూ చూడరు.

3. నొప్పి మాత్రను వేళకు ఇవ్వండి

నొప్పి ముదిరిన తరువాత వేసిన మాత్ర సగమే పని చేస్తుంది. మెఫెనమిక్ ఆసిడ్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ వంటి మాత్రలు నొప్పిని పుట్టించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయి కాబట్టి, అవి పేరుకుపోక ముందే వేయాలి. నెలసరి తేదీ ఇంచుమించు తెలిసే పిల్లకు ఒక రోజు ముందు నుంచి, లేనివారికి మొదటి పోటు తెలిసిన వెంటనే మొదలుపెట్టి, డాక్టర్ చెప్పిన వేళల ప్రకారం మొదటి రెండు మూడు రోజులు తప్పకుండా వేయడం మంచిది. ఏదైనా తిన్న తరువాతే వేయాలి.

ఇక్కడ జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, వీటిని దాటవేయకండి.

ఈ జాతి మాత్రలు రెండు కలిపి ఇవ్వకూడదు. షాపులో ఇచ్చిన మాత్ర పేరు వేరు, ఇంట్లో ఉన్న దాని పేరు వేరు అయినా లోపలి మందు ఒకటే కావచ్చు, లేదా ఒకే కోవకు చెందినది కావచ్చు. అట్ట వెనుక చిన్న అక్షరాలలో ఉన్న మందు పేరు చూడండి. ఇంటి పక్క ఆర్ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించి, ఇంటికి వచ్చి మళ్లీ మాత్ర వేయడం కూడా ఇదే తప్పు.

ఆస్తమా, కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్న పిల్లకు డాక్టరును అడగకుండా వీటిని ఇవ్వవద్దు. వానాకాలంలో జ్వరం వచ్చి డెంగీ అనుమానం ఉన్నప్పుడు వీటిని పూర్తిగా ఆపి, పారాసిటమాల్ మాత్రమే ఇవ్వాలి, ఎందుకంటే ఇవి రక్తస్రావం ముప్పును పెంచుతాయి. మన దగ్గర ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఈ మాట ప్రత్యేకంగా గుర్తుండాలి.

మెఫెనమిక్ ఆసిడ్ వాడేవారిలో అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరులో హెచ్చరిక ఇచ్చింది. మందు వాడుతుండగా గాని, కొన్ని వారాల తరువాత గాని ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, గొంతు దగ్గర బిళ్లలు కట్టడం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి.

4. కాపడం సరిగా పెట్టండి

నీళ్లు మరిగించిన వెంటనే బ్యాగులో పోయకండి, కాసేపు చల్లారనివ్వండి. మూడింట రెండు వంతులు నింపి, బ్యాగును నొక్కి గాలి బయటికి పోగొట్టి, ఆ తరువాత మూత బిగించండి. తలకిందులు చేసి నీళ్లు కారడం లేదని చూసి, తువ్వాలు చుట్టి, మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూడండి. మీకు హాయిగా ఉంటే పిల్లకు పెట్టవచ్చు. పొట్ట మీద పదిహేను ఇరవై నిమిషాలు, తరువాత నడుము మీద మార్చండి. కరెంటు హీటింగ్ ప్యాడు వాడితే దానిని పెట్టుకొని నిద్రపోనివ్వకండి. రోజూ గంటల తరబడి ఒకే చోట వేడి తగిలితే చర్మం మీద గోధుమరంగు వలలాంటి మచ్చ పడుతుంది. అది కనబడితే వేడి తగ్గించమని అర్థం.

హాస్టల్లో ఉండే పిల్లలు బకెట్లో వాటర్ హీటర్ రాడ్ పెట్టి నీళ్లు కాచుకోవడం ప్రమాదం. ఫిజియోథెరపిస్టును అడిగితే టెన్స్ అనే, చర్మం మీద పట్టీలు అంటించి సన్నటి కరెంటు పంపే చిన్న యంత్రం వాడకం చూపిస్తారు, అది వేడి నీళ్ల అవసరం లేకుండా కొందరికి ఉపశమనం ఇస్తుంది. వాము నీళ్లు, అల్లం కషాయం తాగితే హాయిగా ఉందంటే తాగనివ్వండి, కానీ మాత్రకు బదులుగా వద్దు. ఏం కలిపారో చెప్పని నాటు పొడులు మాత్రం ఎవరిచ్చినా వద్దు.

5. డాక్టర్ దగ్గరకు సిద్ధపడి వెళ్లండి

ప్రభుత్వ వైద్యంలో స్త్రీ వ్యాధుల విభాగానికి వెళ్లాలంటే వరంగల్‌లో సీకేఎం ఆసుపత్రి, హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. పల్లెల్లో ఉన్నవారు మొదట దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి చీటీ రాయించుకోవచ్చు. 2023 మార్చి 8న తెలంగాణలో మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్కులు మంగళవారాలలో స్త్రీల సమస్యల కోసం ఏర్పాటు చేసినవి. మీకు దగ్గరి కేంద్రం ఎక్కడో ఆశా కార్యకర్తను అడగండి.

వెళ్లే ముందు రాత్రి పిల్లతో కూర్చొని మూడు వాక్యాలు సిద్ధం చేయించండి: ఎప్పటి నుంచి, ఏం చేయలేకపోతోంది, ఇంతవరకు ఏ మందు ఎన్ని నెలలు వాడింది. గదిలో మొదట ఆమెనే చెప్పనివ్వండి, మీరు ఆమె మరిచినది మాత్రమే అందించండి. కాసేపు పిల్లతో ఒంటరిగా మాట్లాడతామని డాక్టర్ అంటే బయటికి రండి, తప్పుగా అనుకోకండి. తల్లి ముందు చెప్పలేని మాటలు అందరు పిల్లలకూ ఉంటాయి.

స్కానింగ్ పొట్ట మీద నుంచి చేస్తారు, అందుకు నీళ్లు బాగా తాగి మూత్రం ఆపుకొని ఉండాలి. పెళ్లి కాని పిల్లకు లోపలి పరీక్ష తప్పనిసరి కాదు. ఆమె ఒప్పుకోకుండా ఏ పరీక్షా చేయించవద్దు. అవసరమైతే ఎమ్మారై రాస్తారు.

ఇప్పుడు అందరూ తడబడే చోటు. స్కానింగ్ నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. అండాశయంలో పాత రక్తం నిండిన బుడగగా మారిన ఎండోమెట్రియోసిస్ స్కానులో కనబడుతుంది గాని, పొత్తికడుపు లోపలి గోడ మీద చుక్కలుగా ఉన్నది చాలాసార్లు కనబడదు, ఈ వయసు పిల్లలలో ఎక్కువగా ఉండేది అదే. యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం (ఈష్రే) 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, లక్షణాలను బట్టి మందులు మొదలుపెట్టవచ్చు, ముందుగా లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరా గొట్టంతో లోపల చూసే ఆపరేషన్) చేసి తీరాలన్న నియమం లేదు. కాబట్టి "రిపోర్టు నార్మల్ ఉంది, భయం లేదు" అని పంపేస్తే, "రిపోర్టు సరే మేడం, నొప్పికి తరువాత ఏం చేద్దాం, మూడు నెలలకు తగ్గకపోతే ఎవరికి చూపించాలి" అని అడిగి, జవాబును చీటీ మీద రాయించుకోండి. అలాగే పీసీఓడీ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) అన్న మాట ఈ రోజుల్లో ప్రతి ఇంట్లో వినబడుతోంది. నెలసరి తప్పుతూ రావడం పీసీఓడీ వైపు చూపిస్తుంది గాని ఇంత నొప్పిని అది వివరించదు. ఆ పేరు చెబితే "మరి నొప్పి దాని వల్లేనా" అని అడగండి.

ఇంకో సంగతి: ఇంకా పెద్దమనిషి కాని పిల్లకు నెలకొకసారి పొత్తికడుపు నొప్పి వచ్చి పోతుంటే, రక్తం బయటికి రావడానికి దారి మూసుకుపోయి ఉండవచ్చు. దానిని నెలల తరబడి చూస్తూ కూర్చోకుండా త్వరగా చూపించాలి.

6. హార్మోన్ మాత్రలు రాసిస్తే భయపడకండి, దాచకండి

ప్రొజెస్టిన్ మాత్రలు గాని, ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు గాని ఈ జబ్బుకు మొదటి వరుస చికిత్స. ఆ అట్ట మీద గర్భనిరోధకం అని కనబడగానే ఇంట్లో గొడవ మొదలవుతుంది. తండ్రికి, నాయినమ్మకు ముందే చెప్పండి: ఇది లోపల పెరిగే పొరను పలుచబరచడానికి ఇచ్చే మందు, దీనివల్ల ముందు ముందు పిల్లలు పుట్టకపోవడం అంటూ ఉండదు, మందు ఆపితే నెలసరి మళ్లీ వస్తుంది.

మొదటి మూడు నెలలు మధ్య మధ్యలో మరకలు పడడం మామూలు. మందు ఆపకుండా వాడమన్నప్పుడు నెలసరి రాకపోవచ్చు. రక్తం లోపలే నిలిచిపోతుందన్న భయం వద్దు, పొర పెరగనప్పుడు రాలడానికి ఏమీ ఉండదు. రోజూ ఒకే వేళకు వేయాలి, పళ్లు తోముకునే వేళకు ముడిపెడితే మరిచిపోరు. తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు కనిపించే పిల్లకు, కుటుంబంలో రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్న పిల్లకు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. వాడుతుండగా ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, మనసు బాగా కుంగినా వెంటనే చెప్పండి.

బతుకమ్మకో, పెళ్లికో, మేడారం జాతరకో నెలసరి వాయిదా పడాలని మందుల షాపులో మాత్రలు అడిగి తెచ్చుకోవడం మన దగ్గర మామూలైపోయింది. హార్మోన్ చికిత్సలో ఉన్న పిల్లకు వాటిని పైన కలపకండి. పండుగ తేదీ ఒక నెల ముందే డాక్టరుకు చెబితే వాడుతున్న మందులోనే సర్దుబాటు చేస్తారు.

మందులకు లొంగకపోతే లాప్రోస్కోపీ మాట వస్తుంది. చేసేవారు ఈ జబ్బును తరచుగా చూసేవారేనా, కనిపించిన పొరను అప్పుడే తీసేస్తారా, ముక్కను పరీక్షకు పంపుతారా, తరువాత ఏ మందు వాడాలి అని నాలుగు ప్రశ్నలు అడగండి. ఆపరేషన్ తరువాత హార్మోన్ మందు వాడకపోతే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలు. మీ పిల్లకు రాసిన ఆపరేషన్ అందులోకి వస్తుందో లేదో చేరక ముందే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి.

7. బడితో, హాస్టల్‌తో మాట్లాడండి

ఎవరికి చెప్పాలో ముందు పిల్లను అడగండి. తరగతి మేడమ్‌కు చెప్పు, సారుకు వద్దు అంటే అలాగే చేయండి. డాక్టర్ చీటీ జిరాక్సుతో పాటు ఒక్క పేజీ లేఖ ఇవ్వండి: "మా అమ్మాయికి నెలసరికి సంబంధించిన దీర్ఘకాలిక వ్యాధి ఉంది. అడిగినప్పుడు బాత్రూముకు పంపగలరు. నొప్పి వచ్చిన రోజున ఆటల పీరియడ్ నుంచి మినహాయింపు ఇవ్వగలరు. మానిన రోజుల పాఠాలను స్నేహితురాలి నోట్సు ద్వారా అందజేయగలరు." జూనియర్ కాలేజీలో హాజరు శాతం ముఖ్యం కాబట్టి, ప్రతి సెలవుకూ చీటీ జతచేసి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. గురుకులంలో, కస్తూర్బా విద్యాలయంలో ఉంటే మాత్రలు వార్డెన్ బీరువాలో కాక, రాత్రి పూట కూడా అందేలా ఎక్కడ పెట్టాలో మాట్లాడి తేల్చుకోండి.

బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర మాననివ్వకండి, రక్తస్రావం ఎక్కువైన పిల్లకు రక్తహీనత నొప్పికి తోడవుతుంది. ఐరన్ వల్ల మలబద్ధకం వస్తే పేగుల నొప్పి పెరుగుతుంది, అందుకని నీళ్లు, ఆకుకూరలు, జొన్న రొట్టె, జామపండు పెట్టండి.

8. చుట్టాల మాటలకు అడ్డుగా నిలవండి

"పెళ్లి చేస్తే పోతది, ఒక కాన్పు అయితే కుదురుతది" అన్న సలహా ఏ శుభకార్యంలోనైనా వినబడుతుంది. పెళ్లి, కాన్పు ఈ జబ్బుకు చికిత్సలు కావు; గర్భంతో ఉన్నప్పుడు కొందరికి నొప్పి తగ్గినా తరువాత తిరిగి వస్తుంది. ఆ మాటకు జవాబు పిల్ల చెప్పవలసిన పని లేదు, "డాక్టర్ చూస్తున్నారు పెద్దమ్మా, మందు నడుస్తోంది" అని మీరే ముగించండి. దూరంగా కూర్చోబెట్టే ఆచారం ఉన్న ఇంట్లో కూడా, నొప్పితో ఉన్న పిల్లను చాప మీద, చల్లటి నేల మీద పడుకోబెట్టవద్దు; మంచం, దుప్పటి, బాత్రూముకు దగ్గరి గది ఇవ్వండి.

పిల్ల పొద్దస్తమానం తలుపు వేసుకొని ఉంటున్నా, నచ్చిన పనులు కూడా మానేసినా, బతకాలని లేదన్న మాట అన్నా దానిని నొప్పి ఖాతాలో వేసి ఊరుకోకండి. మానసిక సహాయం అందించే ప్రభుత్వ ఫోను సేవ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు.

ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లవలసిన సందర్భాలు

ఒక్కసారిగా ఒక పక్కన భరించలేని నొప్పి వచ్చి వాంతులు కావడం (అండాశయం మెలిపడడం కావచ్చు), కుడి వైపు నొప్పితో జ్వరం, స్పృహ తప్పడం, వరుసగా రెండు గంటలు గంటకో ప్యాడు నిండిపోవడం. ఇవి "ఆమెకు ఎప్పుడూ ఉండే నొప్పే" అని ఇంట్లో ఆగే సమయాలు కావు, 108కి ఫోను చేయండి. వాడుతున్న మందుల కార్డు చేతిలో ఉంచండి.

పని చేస్తోందో లేదో ఎలా చూసుకోవాలి

నొప్పి సున్నా కావాలని చూస్తే మంచి మందును కూడా పని చేయలేదని ఆపేస్తారు. మందు మొదలుపెట్టక ముందు నెలలో, మూడో నెలలో నాలుగు అంకెలు పక్క పక్కన రాయండి: బడి మానిన రోజులు, నొప్పితో మెలకువ వచ్చిన రాత్రులు, వేసిన నొప్పి మాత్రలు, నొప్పి 7 దాటిన రోజులు. నాలుగింటిలో మూడు తగ్గితే అదే మందు కొనసాగించమని డాక్టర్ చెప్పే అవకాశం ఉంది. బడి రోజులు పెరిగినా నొప్పి మాత్రలు పెరిగాయంటే, పిల్ల మాత్రలు మింగి నెట్టుకొస్తోందని గ్రహించి ఆ మాట డాక్టరుకు చెప్పండి.

వేళకు నొప్పి మాత్ర, హార్మోన్ మందు రెండూ తప్పకుండా మూడు నుంచి ఆరు నెలలు వాడినా అంకెలు కదలకపోతే మరో డాక్టరుకు చూపించండి. హైదరాబాదు వెళ్లవలసి వస్తే ఫైలులోని అసలు కాగితాలు, స్కానింగ్ సీడీ తీసుకెళ్లండి, లేకపోతే పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయిస్తారు. ప్రయాణం తేదీ పెట్టుకునే ముందు నోటు పుస్తకం చూసి నెలసరి మొదటి రెండు రోజులు తప్పించండి. హనుమకొండ నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవారికి ప్రయాణం ఉచితమే అయినా, సీటు లేకుండా నిలబడి వెళ్లడం ఆమె వల్ల కాదు కాబట్టి, బస్సు బయలుదేరే చోటే ఎక్కండి.